ముట్టుకోకుండా లాగడం: రెండు ఎలక్ట్రాన్ పొరలు, ఒక మైనస్ గుర్తు

రెండు తీగలు పక్కపక్కనే ఉన్నాయి అనుకోండి. ఒకదాన్నొకటి తాకడం లేదు. మధ్యలో కరెంట్ దాటలేని గోడ ఉంది. మొదటి తీగలో కరెంట్ పంపుతున్నాం. రెండో తీగకి బ్యాటరీ లేదు, సప్లై లేదు, అది ఊరికే పడి ఉంది. అయినా దాని రెండు చివర్ల మధ్య కొంచెం వోల్టేజ్ కనిపిస్తుంది. ఎక్కడి నుంచి వచ్చింది?

ఈసీఈ ఫ్రెండ్స్ వెంటనే "క్రాస్‌టాక్" అంటారు. కాదు. క్రాస్‌టాక్ రావాలంటే మొదటి తీగలో సిగ్నల్ మారుతూ ఉండాలి. ఇక్కడ మొదటి వైపు పక్కా డీసీ ఇచ్చినా సరే, రెండో వైపు వోల్టేజ్ వస్తుంది, వచ్చి అలాగే నిలబడుతుంది. దీని పేరు కూలంబ్ డ్రాగ్. ఒక పొరలో కదిలే ఎలక్ట్రాన్లు, గోడ అవతల ఉన్న పొరలోని ఎలక్ట్రాన్లని ముట్టుకోకుండానే తమతో పాటు లాగడం.

నేను సీఎస్ఈ సెకండియర్. ఇది నా సిలబస్‌లో లేదు, ఏ కంపెనీ ఇంటర్వ్యూలోనూ అడగరు. అయినా దీని గురించే రాయాలనిపించింది, ఒక మైనస్ గుర్తు వల్ల. ఈ లాగుడుని పెద్ద అయస్కాంత క్షేత్రంలో కొలిస్తే కొన్ని చోట్ల జవాబు మైనస్‌లో వచ్చింది. అంటే ముందుకి లాగాల్సింది వెనక్కి నెట్టింది. ఆ ఒక్క గుర్తు, అప్పటిదాకా ఒప్పుకున్న లెక్కలో ఏం లోపించిందో బయటపెట్టింది. ఎలాగో మెల్లగా చూద్దాం. ఇంటర్ ఫిజిక్స్ చాలు.

ముందు మాటలు సెట్ చేసుకుందాం. ఫ్రిక్షన్‌కి మన పాఠ్యపుస్తకం మాట 'ఘర్షణ'. పేపర్లో ఘర్షణ అంటే రెండు వర్గాలు కొట్టుకోవడం. కాబట్టి నేను 'రాపిడి' అంటాను. డ్రాగ్‌కి 'ఈడ్పు' అందామనుకున్నా, కానీ ఇంట్లో ఈడ్పులు అంటే మూర్ఛ అనే అర్థం. అందుకని 'లాగుడు'. కరెంట్ పంపే పొర 'మొదటి పొర', ఊరికే ఉండి వోల్టేజ్ చూపించేది 'రెండో పొర'. అంతే.

1. పరికరం ఎలా ఉంటుంది

లాగుడు ఉంటుందని కాగితం మీద ముందే చెప్పారు. 1977లో పొగ్రెబిన్‌స్కీ, 1983లో ప్రైస్. రెండు సన్నని ఎలక్ట్రాన్ పొరల మధ్య దాన్ని శుభ్రంగా కొలిచింది మాత్రం 1991లో, బెల్ ల్యాబ్స్ శాంపిళ్ళ మీద. గ్రమిలా, ఐజెన్‌స్టీన్, మెక్‌డొనాల్డ్, ఫైఫర్, వెస్ట్ అనే ఐదుగురు.

వాళ్ళ శాంపిల్ ఒక శాండ్‌విచ్. గాలియం ఆర్సెనైడ్ పొర, దాని మీద అల్యూమినియం కలిపిన గోడ, దాని మీద మళ్ళీ గాలియం ఆర్సెనైడ్ పొర. ఒక్కో పొర మందం 20 నానోమీటర్లు, గోడ సుమారు 18 నానోమీటర్లు. ఎలక్ట్రాన్లు ఆ పొరల్లో మాత్రమే తిరుగుతాయి. పైకీ కిందికీ పోలేవు, నేల మీద పాకే చీమల్లాగా.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఒక్కో పొరలో చదరపు సెంటీమీటర్‌కి సుమారు 15,000 కోట్ల ఎలక్ట్రాన్లు ఉంటాయి. అంటే రెండు ఎలక్ట్రాన్ల మధ్య సగటు దూరం 26 నానోమీటర్లు. ఒక పొర మధ్య నుంచి రెండో పొర మధ్యకి దూరం 38 నానోమీటర్లు. గమనించారా? గోడ అవతలి ఎలక్ట్రాన్ దాదాపు సొంత పొరలోని పక్కింటి ఎలక్ట్రాన్ ఉన్నంత దగ్గర్లోనే ఉంది. గోడ కరెంట్‌ని ఆపుతుంది గానీ కూలంబ్ బలాన్ని ఆపదు. గోడకి అవతల ఎవరు కదిలినా ఇవతల తెలుస్తుంది.

అసలు కష్టం వైర్లు తగిలించడంలో ఉంది. 18 నానోమీటర్ల దూరంలో ఉన్న రెండు పొరల్లో ఒకదానికే కనెక్షన్ ఇవ్వాలి, రెండోదానికి తగలకూడదు. దీనికి వాళ్ళ ఉపాయం బాగుంటుంది. కనెక్షన్ మాత్రం రెండు పొరలకీ కలిపే ఇస్తారు. తర్వాత ఆ కనెక్షన్ దారిలో పైన గానీ కింద గానీ ఒక గేట్ పెట్టి మైనస్ వోల్టేజ్ ఇస్తారు. గేట్‌కి దగ్గరగా ఉన్న పొరలో అక్కడ మాత్రం ఎలక్ట్రాన్లు పారిపోతాయి, దారి తెగుతుంది. దూరంగా ఉన్న పొర దారి మిగులుతుంది. ఇఫ్-ఎల్స్ రాసినట్టే.

కొలవాల్సింది ఎంత చిన్నదో చూడండి. ఒకట్రెండు కెల్విన్ దగ్గర ఈ లాగుడు నిరోధం మిల్లీ ఓమ్‌ల లెక్కలో ఉంటుంది. మొదటి పొరలో 100 నానో ఆంపియర్లు పంపి, పొర పొడవు వెడల్పుకి 10 రెట్లు ఉందనుకుంటే, 1 మిల్లీ ఓమ్‌కి వచ్చే వోల్టేజ్ 1 నానోవోల్ట్. గోడ గడియారంలో పెన్సిల్ సెల్ ఇచ్చేదాంట్లో 150 కోట్ల వంతు.

2. ఇంత కష్టపడి ఎందుకు కొలవాలి?

ఒక్క పొర నిరోధం కొలవడం తేలికే కదా, అది చాలదా? చాలదు. ఒకే పొరలో రెండు ఎలక్ట్రాన్లు ఢీకొన్నాయి అనుకోండి. ఒకటి కోల్పోయిన మొమెంటం రెండోదానికి వెళ్తుంది, మొత్తం మారదు. కాబట్టి కరెంట్‌కి పెద్దగా నష్టం లేదు. మామూలు నిరోధం ఎక్కువగా మలినాల గురించి, లాటిస్ అదురు గురించి చెబుతుంది. ఎలక్ట్రాన్లు ఒకదానితో ఒకటి ఏం చేస్తున్నాయో అందులో దాదాపు వినిపించదు.

రెండు పొరలుంటే కథ వేరు. మొదటి పొర కోల్పోయిన మొమెంటం రెండో పొరకి చేరితే, అది వోల్టేజ్‌గా విడిగా కనిపిస్తుంది. లోపల ఎప్పుడూ జరిగేదే, గోడ పెట్టడం వల్ల బయటికి తెలిసింది. మన సెక్యూరిటీ సబ్జెక్టులో సైడ్ ఛానెల్ అంటారే, అలాంటిది. ఒక ప్రాసెస్‌ని నేరుగా చూడలేకపోతే, దాని పక్కన ఉన్నదాని మీద పడిన ప్రభావం చూసి లోపల ఏం జరుగుతోందో పట్టుకోవడం.

అయస్కాంత క్షేత్రం లేనప్పుడు వచ్చిన జవాబు ఊహించినట్టే ఉంది. లాగుడు టెంపరేచర్ స్క్వేర్‌తో పెరుగుతుంది. కారణం పౌలీ సూత్రం. సీట్లన్నీ నిండిన ఆర్టీసీ బస్సు ఊహించుకోండి. మధ్యలో కూర్చున్నవాళ్ళు కదలలేరు, కదలడానికి ఖాళీ లేదు. ఫుట్‌బోర్డ్ దగ్గరున్న నలుగురే అటూ ఇటూ కదులుతారు. ఎలక్ట్రాన్లలో ఆ ఫుట్‌బోర్డ్ పేరు ఫెర్మీ శక్తి. పైన చెప్పిన సాంద్రతకి అది 62 కెల్విన్‌కి సమానం. 1 కెల్విన్ దగ్గర కదలగలిగేవి సుమారు 60లో ఒక వంతు. ఢీకొనాలంటే ఇటొకటి, అటొకటి కదలగలిగేది కావాలి. కాబట్టి 60 గుణించు 60, అంటే 3,600లో ఒక వంతు. టెంపరేచర్ సగం చేస్తే లాగుడు నాలుగో వంతుకి పడిపోతుంది. లాటిస్ అదురు వల్ల వచ్చే చిన్న అదనపు భాగం కూడా ఆ 1991 కొలతల్లో కనిపించింది. మన కథకి అది అవసరం లేదు.

గుర్తు సంగతి ఒకసారి చెప్పుకుందాం. ఇలా రెండు ఎలక్ట్రాన్ పొరల్లో క్షేత్రం లేనప్పుడు వచ్చే వోల్టేజ్ దిశని ప్లస్ అందాం. దానికి ఎదురు దిశలో వస్తే మైనస్. ఒక్క పొరలో మామూలు నిరోధం ఎప్పుడూ ప్లస్సే, అది మైనస్ అయితే ఊరికే కరెంట్ పుట్టేది. లాగుడుకి ఆ కట్టుబాటు లేదు.

3. అయస్కాంత క్షేత్రం అనే అపార్ట్‌మెంట్

ఇప్పుడు పొరలకి నిలువుగా అయస్కాంత క్షేత్రం పెడదాం. ఎలక్ట్రాన్లు గుండ్రంగా తిరగడం మొదలెడతాయి. క్వాంటం లెక్క ప్రకారం ఆ తిరుగుడుకి ఏ శక్తి పడితే ఆ శక్తి కుదరదు, కొన్ని మెట్లే ఉంటాయి. వాటిని లాండౌ లెవెల్స్ అంటారు.

నేను దీన్ని అపార్ట్‌మెంట్‌లా చూస్తాను. ఒక్కో లెవెల్ ఒక ఫ్లోర్. పైకి వెళ్ళేకొద్దీ రెంట్ ఎక్కువ. ప్రతి ఫ్లోర్‌లో ఏ వింగ్, బీ వింగ్ ఉంటాయి. అవి ఎలక్ట్రాన్ స్పిన్ రెండు దిశలు. ఏ వింగ్ రెంట్ కాస్త తక్కువ. ఎంత కాస్త? గాలియం ఆర్సెనైడ్‌లో ఫ్లోర్‌కీ ఫ్లోర్‌కీ తేడా ఒక టెస్లాకి 20 కెల్విన్. రెండు వింగ్‌ల మధ్య తేడా ఒక టెస్లాకి 0.3 కెల్విన్ మాత్రమే.

ఒక్కో వింగ్‌లో ఎన్ని ఫ్లాట్లు? ఒక టెస్లాకి చదరపు సెంటీమీటర్‌లో 2,420 కోట్లు. క్షేత్రం రెట్టింపు చేస్తే ఫ్లాట్లూ రెట్టింపు. మన దగ్గరున్న అద్దెదార్లు 15,000 కోట్లు. కాబట్టి 1 టెస్లా దగ్గర 6.2 వింగ్‌లు నిండుతాయి. 3.1 టెస్లా దగ్గర సరిగ్గా 2 వింగ్‌లు, అంటే గ్రౌండ్ ఫ్లోర్ ఫుల్. 6.2 టెస్లా దగ్గర ఒకే వింగ్. 12.4 టెస్లా దగ్గర సగం వింగ్. ఈ సంఖ్యనే ఫిల్లింగ్ ఫ్యాక్టర్ అంటారు. క్షేత్రం పెంచడమంటే ఒక రకంగా అందరినీ కింది ఫ్లోర్లకి దించడం.

ఫ్లోర్ పూర్తిగా నిండితే ఎవరూ కదలలేరు, పై ఫ్లోర్ రెంట్ కట్టలేరు. అప్పుడు లాగుడు దాదాపు సున్నా. ఫ్లోర్ సగంసగం నిండితే ఒకే రెంట్‌లో బోలెడు ఖాళీ ఫ్లాట్లు, బోలెడు కదలిక. లాగుడు బాగా పెరుగుతుంది. రెండు పొరల్లోనూ కదలిక పెరుగుతుంది కాబట్టి రెండు పెరుగుదలల గుణకారం వస్తుంది. 1996లో బోన్‌సాగర్, ఫ్లెన్స్‌బర్గ్, హు, యావ్‌హో లెక్క వేసి, క్షేత్రం లేనప్పటి కంటే 50 నుంచి 100 రెట్లు పెరగాలి అన్నారు.

వాళ్ళే ఇంకో మాట చెప్పారు. ఫ్లోర్ సరిగ్గా సగం నిండినప్పుడు లాగుడు గరిష్ఠంగా ఉండదు, అక్కడ ఒక గుంట పడుతుంది. అంటే ఒక కొండ బదులు ఒంటె వీపులా రెండు మూపురాలు. కారణం స్క్రీనింగ్. సగం నిండినప్పుడు ఎలక్ట్రాన్లకి సర్దుకోవడానికి చోటు బాగా ఉంటుంది. అవతలి పొర నుంచి బలం వస్తే వెంటనే అటూ ఇటూ జరిగి దాన్ని కప్పేస్తాయి. బలం తగ్గితే లాగుడు తగ్గుతుంది. 1997లో స్టుట్‌గార్ట్ మాక్స్ ప్లాంక్ సంస్థలో రూబెల్, ఫాన్ క్లిట్జింగ్ బృందం కొలిచి, రెండు మూపురాలు చూసి, స్క్రీనింగ్ కనిపించింది అని రాశారు. క్వాంటం హాల్ ఎఫెక్ట్ కనిపెట్టి 1985లో నోబెల్ తీసుకున్న క్లిట్జింగే ఈయన.

ఇక్కడితో అయిపోతే ఇది చక్కటి చిన్న పాఠం. కానీ అవ్వలేదు.

4. మైనస్ వచ్చింది

1998లో ఫెంగ్, గ్రమిలా, వాళ్ళ తోటివాళ్ళు రెండు పొరల్లో ఎలక్ట్రాన్ల సంఖ్యని కావాలని కొంచెం తేడాగా పెట్టి కొలిచారు. కొన్ని క్షేత్రాల దగ్గర లాగుడు మైనస్‌లోకి వెళ్ళింది.

2001లో స్టుట్‌గార్ట్ నుంచే లోక్, ఆయన తోటివాళ్ళు ఇంకా వివరంగా చూశారు. రెండు పొరలూ సమానంగా ఉంటే బేసి ఫిల్లింగ్ ఫ్యాక్టర్ల దగ్గర, అంటే 3, 5, 7 లాంటి చోట్ల, లోతైన గుంటలు. పొరలు తేడాగా ఉంటే ఒక లయలో ప్లస్, మైనస్, ప్లస్, మైనస్. అందులో ఒక క్రమం కనిపించింది. రెండు పొరల్లోనూ ఫుట్‌బోర్డ్ దగ్గరున్న ఎలక్ట్రాన్లు ఒకే వింగ్ వాళ్ళయితే ప్లస్, వేర్వేరు వింగ్‌ల వాళ్ళయితే మైనస్. కాబట్టి లాగుడు స్పిన్‌ని గుర్తుపడుతోంది అన్నారు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. పొరల మధ్య పనిచేస్తున్నది కూలంబ్ బలం. అది చార్జ్‌ని చూస్తుంది, దూరాన్ని చూస్తుంది. స్పిన్ దానికి కనపడదు. పైగా ఆ కొలతల్లో టెంపరేచర్, రెండు వింగ్‌ల రెంట్ తేడాకి పది రెట్లుంది. అంత వేడిలో ఏ వింగ్, బీ వింగ్ అని తేడా చూసేవాళ్ళెవరు? రెండూ కలిసిపోయి ఉండాలి. మరి కళ్ళు లేని బలం రంగు ఎలా పట్టుకుంది?

స్క్రీనింగ్‌తో సరిపెట్టేద్దామా? కుదరదు. స్క్రీనింగ్ బలాన్ని తగ్గించగలదు, ఇంకా తగ్గించగలదు, సున్నా దాకా తేగలదు. తిప్పి మైనస్ చెయ్యలేదు. గుంట మాత్రమే కనిపించి ఉంటే స్క్రీనింగ్ చాలు అని అందరూ సర్దుకునేవాళ్ళేమో. మైనస్ గుర్తు ఆ దారి మూసేసింది. అందుకే అది నాకు అంత నచ్చింది.

5. వాలు చూడాలి

2001లోనే ఫాన్ ఓపెన్, సైమన్, స్టెర్న్ దీనికి ఒక జవాబు ఇచ్చారు. ఇది మనం ఎం-1లో చదివిన డెరివేటివ్ అంత తేలిక.

మొదటి పొరలో ఎలక్ట్రాన్ల గుంపు ఎప్పుడూ సమంగా ఉండదు, చిన్న అలలు లేస్తూ ఉంటాయి. కరెంట్ లేకపోతే అలలు అన్ని వైపులా సమానంగా పోతాయి. కరెంట్ ఉంటే ఒక వైపు కాస్త ఎక్కువ. ఆ అల రెండో పొర మీదుగా వెళ్తున్నప్పుడు అక్కడి ఎలక్ట్రాన్లని కొన్ని చోట్ల గుంపు చేస్తుంది, కొన్ని చోట్ల పలచన చేస్తుంది. గుంపుగా ఉన్న చోట ఒక వైపు నెడుతుంది, పలచగా ఉన్న చోట ఇంకో వైపు నెడుతుంది. రెండు నెట్టుడులూ సమానమైతే మొత్తం సున్నా. మిగలాలంటే గుంపుగా ఉన్న చోటికీ పలచగా ఉన్న చోటికీ కదిలే తీరులో తేడా ఉండాలి. డయోడ్ ఏసీని డీసీ చేసినట్టు.

ఆ తేడానే వాలు. ఎలక్ట్రాన్లు పెరిగితే కండక్టివిటీ ఎంత పెరుగుతుంది అనేది. క్షేత్రం లేనప్పుడు జవాబు తేలిక. ఎలక్ట్రాన్లు ఎక్కువైతే కండక్టివిటీ ఎక్కువ, వాలు ఎప్పుడూ ప్లస్. పాత లెక్కలు ఈ ప్లస్ వాలుని చెప్పకుండానే లోపల ఊహించుకున్నాయి. ఫంక్షన్ లోపల హార్డ్‌కోడ్ చేసిన విలువలాగా.

లాండౌ లెవెల్‌లో అలా కాదు. ఫ్లోర్ ఖాళీగా ఉంటే కండక్టివిటీ సున్నా. సగం దాకా పెరుగుతుంది. సగం దాటాక తగ్గుతుంది, నిండేసరికి మళ్ళీ సున్నా. అంటే మొదటి సగంలో వాలు ప్లస్, రెండో సగంలో మైనస్, సరిగ్గా మధ్యలో సున్నా. ఉదయం ఎనిమిదిన్నర బస్సులో సగం దాటాక ఇంకో పదిమంది ఎక్కితే లోపల కదలిక పెరగదు, తగ్గుతుంది కదా, అలాగే.

లాగుడు రెండు పొరల వాలుల గుణకారాన్ని అనుసరిస్తుంది. ప్లస్ ఇంటూ ప్లస్, ప్లస్. మైనస్ ఇంటూ మైనస్, ప్లస్. ఒకటి ప్లస్, ఒకటి మైనస్ అయితే మైనస్.

ఇప్పుడు పాత చిక్కులన్నీ వరసగా విప్పి చూడండి. రెండు పొరలూ సమానంగా ఉంటే వాలులు ఒకే గుర్తు, కాబట్టి మైనస్ రాదు. తేడాగా పెడితేనే వచ్చింది. సరిపోయింది. రెండు వింగ్‌లూ కలిసిపోయిన ఫ్లోర్‌కి బేసి ఫిల్లింగ్ అంటే సరిగ్గా సగం, అక్కడ వాలు సున్నా, కాబట్టి గుంట. సరిపోయింది. ఇక స్పిన్ సంగతి. ఫ్లోర్ సగం లోపు ఉంటే ఫుట్‌బోర్డ్ దగ్గర ఎక్కువమంది ఏ వింగ్ వాళ్ళు, సగం దాటితే బీ వింగ్ వాళ్ళు. 'వేర్వేరు వింగ్‌లు' అన్నా, 'ఒకటి సగం లోపు, ఒకటి సగం పైన' అన్నా అవే చోట్లు. కూలంబ్ బలానికి స్పిన్ కనపడక్కర్లేదు, ఫ్లోర్ ఎంత నిండిందో కనపడితే చాలు.

2004లో స్టుట్‌గార్ట్ శాంపిళ్ళ మీదే మురాకి, ఆయన తోటివాళ్ళు ఈ దారిలో గట్టి సాక్ష్యం తెచ్చారు. పై ఫ్లోర్లలో లాగుడుకి మామూలు భాగంతో పాటు ఒక వింత భాగం ఉంది. మామూలు భాగం చల్లబరిస్తే తగ్గుతుంది. వింత భాగం చల్లబరిస్తే పెరుగుతుంది! ఇంకా చల్లబరిస్తే ఒక్కసారిగా పడిపోయి సున్నాకి చేరుతుంది. ఆ చివరి పతనం, ఎక్కడో ఇరుక్కుపోయిన ఎలక్ట్రాన్లు బయటపడటానికి వేడి కావాల్సినప్పుడు వచ్చే తీరులో ఉంది. అంటే మలినాల గుంతల్లో ఎలక్ట్రాన్లు ఇరుక్కోవడం, దానివల్ల ఫ్లోర్ సగం లోపుకీ సగం పైకీ వచ్చే తేడా, ఇదే ఆ వింతకి మూలం అని వాళ్ళు వివరించారు. అదే ఏడాది గోర్నీ, మిర్లిన్, ఫాన్ ఓపెన్ పై ఫ్లోర్ల లాగుడుకి పూర్తి సిద్ధాంతం ప్రచురించారు.

6. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఇంకో ప్రపంచం

క్షేత్రం ఇంకా పెంచితే అందరూ గ్రౌండ్ ఫ్లోర్‌కి వచ్చేస్తారు. 1998లో లిల్లీ, ఐజెన్‌స్టీన్, ఫైఫర్, వెస్ట్ అక్కడ కొలిస్తే లాగుడు క్షేత్రం లేనప్పటి కంటే సుమారు 1000 రెట్లు వచ్చింది. 50, 100 కాదు, 1000.

ఇక్కడ విడివిడి ఎలక్ట్రాన్లుగా ఆలోచిస్తే పని జరగదు. రాజస్థాన్‌లో పుట్టిన జైనేంద్ర జైన్ 1989లో ఇచ్చిన ఊహ వాడాలి. ఎలక్ట్రాన్ తనతో రెండు ఫ్లక్స్ క్వాంటమ్‌లని మూటకట్టుకుని కొత్త కణంలా తిరుగుతుంది, దాని పేరు కాంపోజిట్ ఫెర్మియాన్. ఫిల్లింగ్ సరిగ్గా సగం దగ్గర ఆ మూటల్లోకే క్షేత్రమంతా పోతుంది. కొత్త కణానికి క్షేత్రమే లేనట్టు ఉంటుంది. అప్పుడు లాగుడు టెంపరేచర్ స్క్వేర్‌తో కాకుండా టెంపరేచర్ పవర్ 4 బై 3తో మారాలని సిద్ధాంతం. మురాకి బృందం ఫిల్లింగ్ 3 బై 2 దగ్గర ఆ 4 బై 3ని స్పష్టంగా చూసింది.

7. చివరికి రాపిడి పోయి జోడీ కుదిరింది

ఇంకో అడుగు. రెండు పొరలూ చెరో సగం వింగ్ నిండి ఉన్నాయి, కలిపితే ఒకటి. పొరల్ని ఇంకా దగ్గరికి తెచ్చారు, కొన్ని పదుల మిల్లీ కెల్విన్లకి చల్లబరిచారు. అప్పుడు ఒక పొరలో ఎలక్ట్రాన్ ఉన్న చోట ఎదురుగా రెండో పొరలో ఖాళీ ఫ్లాట్ ఉండేలా అందరూ సర్దుకుంటారు. ఎలక్ట్రాన్, ఎదురు ఖాళీ కలిసి ఒక జోడీ. దాన్ని ఎక్సిటాన్ అంటారు. ఆ జోడీలన్నీ కలిసి ఒకే క్వాంటం స్థితిలోకి చేరతాయి.

2002లో కాల్‌టెక్‌లో కెలాగ్, ఐజెన్‌స్టీన్ బృందం ఈ స్థితిలో లాగుడు కొలిచింది. పొడవు దిశలో లాగుడు సున్నా వైపు పడిపోయింది. అడ్డ దిశలో, అంటే హాల్ వోల్టేజ్ దిశలో, కరెంటే లేని రెండో పొరలో 25,813 ఓమ్‌లకి సరిపడా వోల్టేజ్ వచ్చింది. ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ చార్జ్ స్క్వేర్‌తో భాగిస్తే వచ్చే సంఖ్య అది. మిల్లీ ఓమ్‌తో మొదలెట్టాం. దిశలు వేరైనా, సైజు తేడా రెండున్నర కోట్ల రెట్లు.

2012లో అదే ల్యాబ్‌లో నంది, ఐజెన్‌స్టీన్, వాళ్ళ తోటివాళ్ళు ఉంగరం ఆకారపు శాంపిల్‌లో రెండో పొర చివర్లని కలిపి వలయం చేశారు. మొదటి పొరలో ఎంత కరెంట్ పంపితే రెండో పొరలో దాదాపు అంతే కరెంట్, ఎదురు దిశలో. మామూలు రాపిడిలో రెండోది మొదటిదాని వెంట కొంచెం కదులుతుంది. ఇక్కడ కదిలింది జోడీ. జోడీలో ఒకటి ఎలక్ట్రాన్, ఒకటి ఖాళీ, కాబట్టి కరెంట్‌లు ఎదురెదురు. దీన్ని పర్ఫెక్ట్ డ్రాగ్ అన్నారు. 2017లో హార్వర్డ్, కొలంబియా బృందాలు గ్రాఫీన్ పొరల మధ్య కొన్ని నానోమీటర్ల బోరాన్ నైట్రైడ్ గోడ పెట్టి ఇలాంటి స్థితినే చూశాయి.

దీంతో రేపే కొత్త ఫోన్ రాదు. నాకు మిగిలింది వేరే విషయం. కొలిచిన గ్రాఫ్ ఆకారం మన ఊహతో కలిస్తే సంతోషపడి వదిలేస్తాం. గుంట ఉంది, స్క్రీనింగ్ చెప్పిన చోటే ఉంది, ఇంకేం కావాలి? ఫెంగ్ వాళ్ళు రెండు పొరల్ని కావాలని తేడాగా పెట్టబట్టే రెండో కారణం బయటపడింది. సమానంగా ఉంటే రెండు మైనస్‌లు కలిసి ప్లస్ అయిపోయి దాక్కుంటాయి. మన కోడ్‌ని కూడా చక్కగా కుదిరిన ఇన్‌పుట్‌తో టెస్ట్ చేస్తే పాసే అవుతుంది. కుదరని ఇన్‌పుట్ ఇచ్చినప్పుడే లోపల ఏముందో తెలుస్తుంది.

8. మీకోసం రెండు లెక్కలు

ఒకటి: పొరలో 15,000 కోట్ల ఎలక్ట్రాన్లు ఉంటే ఫిల్లింగ్ 3 ఎన్ని టెస్లాల దగ్గర వస్తుంది? రెండు పొరలూ సమానమైతే, వింగ్‌లు కలిసిపోయేంత వేడిలో, అక్కడ లాగుడు ఎలా ఉంటుంది?

రెండు: పై పొర ఫిల్లింగ్ 4.6, కింది పొర 5.4. లాగుడు గుర్తేంటి? రెండూ 5.4 అయితే?

జవాబులు: మొదటిది 2.07 టెస్లా. 2 నుంచి 4 దాకా ఒకే ఫ్లోర్ కాబట్టి 3 అంటే సరిగ్గా సగం, వాలు సున్నా, గుంట. రెండోదానిలో ఫ్లోర్ 4 నుంచి 6 దాకా, సగం 5 దగ్గర. 4.6కి వాలు ప్లస్, 5.4కి మైనస్, కాబట్టి లాగుడు మైనస్. రెండూ 5.4 అయితే మైనస్ ఇంటూ మైనస్, ప్లస్. జవాబు రాకపోతే ఐదో భాగం మళ్ళీ చదవండి. డౌట్లుంటే క్లబ్ మీట్‌లో అడగండి, బోర్డు మీద బస్సు బొమ్మ గీసి చూపిస్తా.